తీర్మానాల పుస్తకంలో మన పిల్లల చదువు

మసీదు కమిటీ సమావేశమైతే రిజిస్టరులో రాస్తారు. నిఖా జరిగితే మెహర్ ఎంతో, సాక్షులెవరో కాగితం మీదికి ఎక్కుతుంది. పొలం చేతులు మారితే పహాణీలో పేరు మారిందా లేదా అని తహసీల్ కచేరీ చుట్టూ తిరుగుతాం. రాత విలువ మనకు తెలియనిది కాదు. కాని మన అబ్బాయి ఏ భాషలో పరీక్ష రాయాలో, మన అమ్మాయి చదివే కాలేజీలో ఏ కోర్సు ఉండాలో, ఏది ఉండకూడదో నిర్ణయించే పుస్తకం ఒకటి ఉందని మనలో ఎంతమందికి తెలుసు? అది విశ్వవిద్యాలయ పాలకమండలి తీర్మానాల పుస్తకం.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల కుటుంబాలకు ఆ పుస్తకంతో సంబంధం నిన్న మొన్నటిది కాదు. ఉన్నత చదువు అంటే ఇక్కడి వారికి దాదాపు 90 ఏళ్లపాటు ఉస్మానియా విశ్వవిద్యాలయమే. 2008 నుంచి పాలమూరు విశ్వవిద్యాలయం. ఈ కాలమంతటా నిర్ణయాలు ఎక్కడో జరిగాయి, వాటి ఫలితం మాత్రం మన ఇళ్లకు వచ్చింది. ఎప్పుడు ఏ నిర్ణయం జరిగింది, దానివల్ల ఎవరికి మేలు జరిగింది, ఎవరు వెనకబడ్డారు అన్నది తెలుసుకుంటే రేపటి నిర్ణయాల దగ్గర మనం మౌనంగా ఉండం.

ఒక ఫర్మానుతో మొదలు

ఉస్మానియాకు ముందు హైదరాబాద్ సంస్థానంలో కాలేజీ చదువు మద్రాసు మీద ఆధారపడి ఉండేది. 1887లో ఏర్పడిన నిజాం కాలేజీ కూడా మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగానే నడిచింది. పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. గద్వాల ప్రాంతానికి చెందిన సురవరం ప్రతాపరెడ్డి గారు బి.ఏ. కోసం మద్రాసు వెళ్లవలసి వచ్చింది ఆ రోజుల్లోనే.

1917లో సర్ అక్బర్ హైదరీ ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు ఒక అర్జ్‌దాష్త్ సమర్పించారు. పరాయి భాషలో చదివే విద్యార్థి శక్తి అంతా ఆ భాషను గుర్తుపెట్టుకోవడానికే ఖర్చవుతోందని, విషయం మాత్రం వంటబట్టడం లేదని ఆయన వాదన. ఉర్దూ మాధ్యమంగా విశ్వవిద్యాలయం పెట్టాలని, ఇంగ్లీషును తప్పనిసరి పాఠ్యభాషగా ఉంచాలని ఆయన సూచించారు. దానిమీద హిజ్రీ 1335 రజబ్ 4న, అంటే 1917 ఏప్రిల్ 26న, నిజాం ఫర్మాను వెలువడింది. 1918లో విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1919లో ఇంటర్మీడియెట్ తరగతులు మొదలయ్యాయి. ఈనాటికీ ఉస్మానియా తన పుట్టినరోజు జరుపుకునేది ఏప్రిల్ 26నే. 2017లో శతజయంతి ఉత్సవాలను రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ప్రారంభించింది కూడా ఆ రోజునే.

నిర్ణయమైతే జరిగింది. పుస్తకాలేవి? రసాయనం, భౌతికం, న్యాయం, చరిత్ర ఉర్దూలో చెప్పాలంటే పుస్తకాలు కావాలి, మాటలు కావాలి. అందుకే తరగతులు మొదలవకముందే, 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద శాఖ ఏర్పడింది. బాబా ఎ ఉర్దూగా పేరు పొందిన మౌల్వీ అబ్దుల్ హక్ దానికి పెద్దదిక్కు. శాస్త్ర పదాలకు ఉర్దూ మాటలు తయారుచేయడానికి పండితులు కూర్చుని ఒక్కొక్క పదం మీద చర్చించేవారు. వహీదుద్దీన్ సలీమ్ ఈ పదకల్పన మీద ఒక పుస్తకమే రాశారు. కవి జోష్ మలీహాబాదీ కూడా కొన్నేళ్లు ఈ శాఖలో పనిచేశారు. వందలాది గ్రంథాలు ఉర్దూలోకి వచ్చాయి.

ఇందులో మనం గమనించవలసిన విషయం ఒకటుంది. మాధ్యమం మార్చాలని తీర్మానం చేయడం ఒక రోజు పని. దానికి తగిన పుస్తకాలు, అధ్యాపకులు, పదజాలం సిద్ధం చేయడం ఏళ్ల తరబడి పని. 1917లో ఆ రెండూ కలిసి జరిగాయి కాబట్టే ఆ ప్రయత్నం నిలబడింది.

తెలుగు ఇంటి బిడ్డ మాటేమిటి?

అయితే ఈ కథకు రెండో వైపు కూడా ఉంది. అక్బర్ హైదరీ వాదన నిజమే. పరాయి భాషలో చదువు బరువే. కాని అదే వాదన తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే ఇళ్ల బిడ్డలకు కూడా వర్తించాలి కదా? సంస్థానంలో ఎక్కువమంది ప్రజల ఇంటి భాష ఉర్దూ కాదు. పాలమూరు పల్లెల్లో హిందువుల ఇళ్లలోనే కాదు, ఎన్నో ముస్లిం ఇళ్లలో కూడా పొయ్యి దగ్గర మాట్లాడేది తెలుగే. దూదేకుల కుటుంబాల సంగతి చెప్పనక్కరలేదు. వారి పిల్లలకు ఇంగ్లీషు బరువు తప్పి ఉర్దూ బరువు వచ్చింది.

విశ్వవిద్యాలయంలో తెలుగు లేకపోలేదు. తెలుగు శాఖ ఉండేది. దానికి రాయప్రోలు సుబ్బారావు గారు ఆచార్యులుగా పనిచేశారు. కాని తెలుగు ఒక పాఠ్యాంశం మాత్రమే, మాధ్యమం కాదు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించినది సురవరం ప్రతాపరెడ్డి గారే. ప్రాథమిక విద్య మాతృభాషలో ఉండాలని ఆ ఉద్యమం కోరింది. 1926 నుంచి ఆయన నడిపిన గోలకొండ పత్రిక కూడా తెలుగు కోసం పోరాడింది. 1952లో ఆయన వనపర్తి నుంచి హైదరాబాద్ శాసనసభకు ఎన్నికయ్యారు. తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టే బిల్లును 2025లో తెలంగాణ శాసనసభ ఆమోదించింది.

హైదరీ ఉర్దూ కోసం చెప్పిన మాట, ప్రతాపరెడ్డి తెలుగు కోసం చెప్పిన మాట నిజానికి ఒకటే. బిడ్డకు అర్థమయ్యే భాషలో చదువు చెప్పండి అనే. ఒకరి మాట ఫర్మాను అయింది. మరొకరి మాట చాలా ఏళ్లు పత్రికలోనే ఉండిపోయింది. నిర్ణయించే గదిలో ఎవరు కూర్చున్నారన్నదే ఆ తేడా. ఇంట్లో తెలుగు, మదర్సాలో ఉర్దూ, బడిలో ఇంగ్లీషు నేర్చుకునే మన పిల్లల విషయంలో ఈ ప్రశ్న ఇప్పటికీ తీరలేదు.

ఒక్క ఆజ్ఞతో మారిన బతుకులు

విశ్వవిద్యాలయ అధికారుల నిర్ణయం ఒక విద్యార్థి జీవితాన్ని ఎంత దూరం తీసుకుపోగలదో 1938 చెబుతుంది. ఆ ఏడాది ఉస్మానియా హాస్టళ్లలో విద్యార్థులు వందేమాతరం పాడారు. అధికారులు వద్దన్నారు. మాట వినని వారిని బయటికి పంపారు. వారిలో చాలామందికి నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది. అలా వెళ్లిన వారిలో ఒకరు పి.వి.నరసింహారావు. ఆయనే 1991లో దేశ ప్రధాని అయ్యారు. ఒక విశ్వవిద్యాలయం తలుపు మూస్తే మరొకటి తెరవకపోయి ఉంటే ఆ విద్యార్థుల చదువు ఏమయ్యేదో ఊహించవచ్చు.

పదేళ్ల తరువాత ఇంకో మార్పు వచ్చింది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి సంస్థానం భారతదేశంలో కలిసింది. ఆ తరువాత ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమం పోయి ఇంగ్లీషు వచ్చింది. ఉర్దూలో మెట్రిక్ దాకా చదివి వచ్చిన కుర్రాడు ఒక్కసారిగా ఇంగ్లీషు ఉపన్యాసం ముందు కూర్చోవలసి వచ్చింది. ఇందులో ముస్లిం, హిందూ తేడా లేదు. ఉర్దూ మాధ్యమంలో చదివిన వారందరి పరిస్థితీ అదే. దారుల్ తర్జుమా తయారుచేసిన పుస్తకాలు తరగతి గదుల్లోంచి గ్రంథాలయం అరల్లోకి వెళ్లాయి.

మరో ఇరవై ఏళ్లకు, 1968లో, తెలుగు అకాడమీ ఏర్పడింది. ఇంటర్, డిగ్రీ పాఠ్యపుస్తకాలు తెలుగులో తయారుచేయడం, శాస్త్ర పదాలకు తెలుగు మాటలు కుదర్చడం దాని పని. 1917లో దారుల్ తర్జుమా ఉర్దూకు చేసిన పనే ఇది. గోలకొండ పత్రిక కాలంలో అడిగినది అంత ఆలస్యంగా అందింది.

సెనేట్ నుంచి కార్యనిర్వాహక మండలి దాకా

ఇంతకీ పాలకమండలి అంటే ఎవరు? కాలాన్నిబట్టి పేరు, రూపం మారుతూ వచ్చాయి. నిజాం కాలంలో ఫర్మానులు, చార్టరే చట్టం. 1947లో చార్టరును సవరించారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1959లో శాసనసభ ఉస్మానియా విశ్వవిద్యాలయ చట్టం చేసింది. అప్పుడు సెనేట్, సిండికేట్, అకడమిక్ కౌన్సిల్ అని మూడు సభలు. సెనేట్ పెద్ద సభ. రోజువారీ పాలన చూసే చిన్న సభ సిండికేట్. చదువుల వ్యవహారం అకడమిక్ కౌన్సిల్‌ది.

ఈ చట్టం మీద దేశమంతా చూసిన ఒక వివాదం నడిచింది. అప్పటి వైస్ చాన్సలర్ డాక్టర్ డి.ఎస్.రెడ్డిని 1964లో మరో ఐదేళ్లకు నియమించారు. ఆ తరువాత ప్రభుత్వం చట్టాన్ని సవరించింది. వైస్ చాన్సలర్ పదవీకాలాన్ని ఐదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించింది. అప్పుడు పదవిలో ఉన్నవారి స్థానంలో 90 రోజుల్లోగా కొత్తవారిని నియమించాలని ఒక సెక్షన్ చేర్చింది. పదవిలో ఉన్నది ఆయన ఒక్కరే. అంటే ఆ సెక్షన్ ఒక్క మనిషి కోసం రాసినట్టే. విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. చట్టం ముందు అందరూ సమానమనే సూత్రానికి ఇది విరుద్ధమని 1967లో కోర్టు ఆ సెక్షన్‌ను కొట్టివేసింది. నియామక ఉత్తర్వు ఏ తేదీది, గడువు ఎంత, సవరణ ఎప్పుడు వచ్చింది అన్న కాగితాలే ఆ కేసుకు ఆధారం. రికార్డు లేకపోతే న్యాయం కూడా లేదు.

1991లో ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం వచ్చింది. సెనేట్, సిండికేట్ పోయి కార్యనిర్వాహక మండలి, అకడమిక్ సెనేట్ వచ్చాయి. ఆ చట్టం ప్రకారం గవర్నరు చాన్సలర్. కార్యనిర్వాహక మండలిలో వైస్ చాన్సలర్, ప్రభుత్వ కార్యదర్శులు, ఆచార్యులు, ప్రిన్సిపాళ్లతోపాటు సమాజంలోని ప్రముఖులు కూడా ఉంటారు. వారిని ప్రభుత్వం నామినేట్ చేస్తుంది. చివరి మాట జాగ్రత్తగా చదవండి. సమాజం నుంచి కూడా సభ్యులు ఉంటారు. అంటే మన జిల్లాల నుంచి, మన వర్గాల నుంచి చదువు తెలిసిన వారిని, ముఖ్యంగా చదువుకున్న మన ఆడపడుచులను, నామినేట్ చేయమని అడగడానికి చట్టంలోనే చోటుంది.

జాతీయ స్థాయిలో మరో నమూనా మన పక్కనే ఉంది. 1998లో హైదరాబాద్‌లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం పార్లమెంటు చట్టం కింద నడుస్తుంది. దానికి రాష్ట్రపతి విజిటర్. అక్కడ కూడా నిర్ణయాధికారం కార్యనిర్వాహక మండలిదే.

పాలమూరుకు సొంత విశ్వవిద్యాలయం

2008లో మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఏర్పడింది. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్‌లలో దానికి పీజీ కేంద్రాలు వచ్చాయి. 2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేర్వేరు జిల్లాలయ్యాయి. ఒకప్పుడు జిల్లా కేంద్రంగా ఉండి ఆ హోదా పోగొట్టుకున్న నాగర్‌కర్నూలుకు అది తిరిగి దక్కింది. జిల్లా ఆఫీసులు మూడు అయ్యాయి కాని విశ్వవిద్యాలయం ఒక్కటే. మూడు జిల్లాల డిగ్రీ విద్యార్థుల పరీక్షలు, ఫలితాలు, కోర్సులు ఆ ఒక్క పాలకమండలి చేతిలో ఉన్నాయి.

ఇక్కడ ఒక వాడుక సంగతి చెప్పాలి. ఏ సర్టిఫికెట్ కోసం ఏ తలుపు తట్టాలో తెలియక చాలామంది తిరుగుతుంటారు. 2008కి ముందు గద్వాలలోనో వనపర్తిలోనో డిగ్రీ పూర్తిచేసిన వారి రికార్డులు ఉస్మానియా పేరు మీద ఉంటాయి. ఇంటర్మీడియెట్ బోర్డు రాకముందు పి.యు.సి. చదివిన పెద్దల సర్టిఫికెట్లు కూడా విశ్వవిద్యాలయమే ఇచ్చినవి. పాలిటెక్నిక్ చదువు మాత్రం సాంకేతిక విద్యామండలి కిందికి వస్తుంది. వనపర్తి రాజుల ప్యాలెస్‌లో నడిచిన పాలిటెక్నిక్ పేరు అందరూ విన్నదే.

తుంగభద్ర అవతల చదివిన వారికి మరో తికమక ఉంది. కర్నూలులో 1947లో డాక్టర్ అబ్దుల్ హక్ స్థాపించిన ఉస్మానియా కాలేజీ ఉంది. ఈయన వేరు, దారుల్ తర్జుమా మౌల్వీ అబ్దుల్ హక్ వేరు. పేరు ఉస్మానియా అయినా, అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉన్న ఆ కాలేజీ హైదరాబాద్ విశ్వవిద్యాలయం కింద లేదు. తాతగారు ఉస్మానియాలో చదివారు అని ఇంట్లో చెప్పుకుంటే అది ఏ ఉస్మానియానో ముందు తేల్చుకోవాలి. అదే డాక్టర్ అబ్దుల్ హక్ పేరుతో 2016లో కర్నూలులో ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడింది.

పాత కాగితం చదవడం ఎలా?

నిజాం కాలపు సనదులు, కచేరీ కాగితాలు, విశ్వవిద్యాలయ ఉత్తర్వులు ఉర్దూలో ఉంటాయి. వాటిలో తేదీ తరచుగా ఫస్లీలో ఉంటుంది. పహాణీలు చూసిన రైతులకు ఈ మాట కొత్త కాదు. లెక్క సులువు. హైదరాబాద్ ఫస్లీ సంవత్సరం అక్టోబరులో ఆజూర్ నెలతో మొదలవుతుంది. ఫస్లీకి 590 కలిపితే ఆ సంవత్సరం మొదలైన క్రీస్తుశకం వస్తుంది. ఫస్లీ 1350 అంటే 1940 అక్టోబరు నుంచి 1941 అక్టోబరు దాకా. ఆజూర్, దై, బహ్మన్ నెలల తేదీ అయితే సాధారణంగా 590 కలపండి. ఆ తరువాతి నెల నుంచి ఆబాన్ దాకా అయితే 591. హిజ్రీ తేదీ ఉంటే ఈ లెక్క పనికిరాదు. హిజ్రీ చాంద్రమానం కాబట్టి పట్టిక చూడవలసిందే.

ఇలాంటి కాగితాలు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో పెద్ద సంఖ్యలో ఉన్నాయి. పర్షియన్‌లో, ఉర్దూలో ఉన్నవే ఎక్కువ. వాటిని చదవగలిగినవారు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నారు. శికస్తా రాత చదవగల పెద్దాయన మీ ఊళ్లో ఉంటే, ఆయన ఉండగానే మీ పిల్లలను ఆయన దగ్గర కూర్చోబెట్టండి. ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉన్న సనదును ఫోటో తీసి, మీద ఏముందో తెలుగులో ఒక కాగితం రాసి జతచేయండి. చెదలు పట్టాక ఏ చట్టమూ దాన్ని తిరిగి తేలేదు.

అడిగే హక్కు మనకుంది

ఒకప్పుడు ఫర్మాను వెలువడితే తలవంచి వినడమే. ఈనాడు అలా కాదు. 2005 సమాచార హక్కు చట్టం కింద ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు కూడా జవాబుదారీ సంస్థలే. తమ మండళ్లు, కమిటీలు ఏవో, వాటి సమావేశాల మినిట్స్ ప్రజలకు అందుబాటులో ఉన్నాయో లేదో అడగకుండానే ప్రకటించాలని ఆ చట్టం నాలుగో సెక్షన్ చెబుతుంది.

ప్రకటించకపోతే అడగవచ్చు. తెల్లకాగితం మీద, తెలుగులోనే, విశ్వవిద్యాలయ పౌర సమాచార అధికారికి దరఖాస్తు రాస్తే చాలు. రుసుము 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అక్కడి అప్పిలేట్ అధికారికి, ఆ తరువాత రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్లవచ్చు. విద్యార్థి తన జవాబుపత్రాన్ని చూసుకునే హక్కు కూడా ఈ చట్టం కింద ఉందని 2011లో సుప్రీంకోర్టు స్పష్టంచేసింది.

ఏమి అడగాలి? ప్రశ్న సూటిగా ఉండాలి. కార్యనిర్వాహక మండలి గత సంవత్సరం ఎన్నిసార్లు సమావేశమైంది? అప్పటి తీర్మానాల నకలు ఇవ్వండి. ఉర్దూలో పరీక్ష రాసుకునే వీలు ఏయే కోర్సుల్లో ఉంది? ప్రశ్నపత్రం ఉర్దూలోనూ ఇస్తున్నారా? మా పట్టణంలోని పీజీ కేంద్రంలో మంజూరైన అధ్యాపకుల పోస్టులు ఎన్ని, ఖాళీలు ఎన్ని? ఫీజు పెంచిన తీర్మానం ఏ తేదీది? ఎందుకు చేశారు అని అడిగితే జవాబు దాటేస్తారు. ఏ తీర్మానం, ఏ తేదీ, ఎన్ని అని అడిగితే కాగితం ఇవ్వక తప్పదు.

ఈ పని ఒక్కరే చేయనక్కరలేదు. నలుగురు తల్లిదండ్రులు కలిసి కూర్చోండి. డిగ్రీ చదివే అమ్మాయి చేత దరఖాస్తు రాయించండి. వచ్చిన జవాబును ఫైలులో పెట్టి, మరుసటి ఏడాది దానితో పోల్చి చూడండి. రెండు మూడేళ్లలో మీ ఊరి కాలేజీ చరిత్ర మీ చేతిలోనే తయారవుతుంది.

1917లో ఒక అర్జ్‌దాష్త్ ఒక విశ్వవిద్యాలయాన్ని తెచ్చింది. రాసినవారు పెద్ద హోదాలో ఉన్నవారు. ఈనాడు అర్జీ రాయడానికి హోదా అక్కరలేదు, ఒక తెల్లకాగితం, పది రూపాయలు, అడగాలన్న పట్టుదల చాలు. మన బిడ్డల చదువు గురించి ఆ పుస్తకంలో ఏమి రాస్తున్నారో చదవడం మన బాధ్యత. అందులో రాయవలసినది మిగిలిపోతే గుర్తుచేయడం కూడా మన బాధ్యతే.